రిపోర్టులో రెండో లైను చదవకుండా ఆర్టిచోక్ మాత్ర వేసుకోవద్దు

పోయిన చలికాలంలో దేవరకొండ నుంచి మా మేనమామ ఫోన్ చేసి, "అల్లుడా, నువ్వు చెట్ల చదువు చదివినవు గదా, ఈ ఆర్టిచోక్ అంటే ఏంది, వేసుకోవచ్చునా?" అని అడిగాడు. తిన్న తర్వాత కడుపు ఉబ్బరంగా ఉంటోందని డాక్టర్ దగ్గరికి పోతే స్కానింగ్ రాశారట, అందులో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ అని వచ్చిందట. ఆ మాట నలుగురి చెవిన పడేసరికి తెలిసినవాళ్ల అబ్బాయి ఒకడు "లివర్‌ను కడిగేస్తది" అని చెప్పి ఒక మాత్రల డబ్బా తెచ్చిచ్చాడు. డబ్బా మీద ఆకుపచ్చ పొలుసుల మొగ్గ బొమ్మ ఉంది. పూటకొకటి చొప్పున రోజుకు రెండు వేసుకోమన్నాడు.

డబ్బా ఫొటోతో పాటు స్కానింగ్ రిపోర్టు కూడా పంపు మామా అన్నాను. వచ్చింది. మొదటి లైను ఫ్యాటీ లివర్. దాని కిందనే రెండో లైను: పైత్యరసం నిలువ ఉండే తిత్తి, అంటే గాల్ బ్లాడర్‌లో 6 మిల్లీమీటర్ల రాయి. మొదటి లైను ఇంట్లో అందరికీ నోటికొచ్చింది, పిల్లలు కూడా చెప్తున్నారు, రెండో లైను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. అడిగితే మామ, "రాయే గదా, నీళ్లు మంచిగ తాగితే పోతది, కొండపిండాకు కూర తింటున్నా" అన్నాడు. అది కిడ్నీలో రాయికి చెప్పే మాట. గాల్ బ్లాడర్‌లో రాయి వేరు, దానికి నీళ్లతో సంబంధం లేదు. ఆర్టిచోక్‌తో మాత్రం సంబంధం ఉంది, అదీ చాలా దగ్గరి సంబంధం. ఫోన్‌లో చెప్తే పూర్తిగా అర్థం కాలేదు, అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నా. ఈ మధ్య నల్లగొండలో, మిర్యాలగూడలో కూడా ఈ డబ్బాలు చాలా ఇళ్లలో కనపడుతున్నాయి కాబట్టి ఇంకొందరికి పనికొస్తుంది.

అసలు ఈ మొక్క ఏంటి

ఆర్టిచోక్‌ను మనలో చాలామంది చూసి ఉండరు. కుసుమ చేనును మాత్రం చూసే ఉంటారు. పాలమూరు నల్లరేగళ్లలో, అటు తాండూరు వైపు యాసంగిలో వేస్తారు. మా తాత అయితే జొన్న చేను చుట్టూ నాలుగు సాళ్లు కుసుమ వేసేవాడు, ఆ ముళ్లకు భయపడి గొడ్లు లోపలికి రావని. పూత విచ్చకముందు ఆ కుసుమ మొగ్గను ఒకదాన్ని తెంపి అరచేతిలో పెట్టుకుని చూడండి. కింద గట్టి బొడిపె, దాని చుట్టూ ఒకదాని మీద ఒకటి పెంకులు కప్పినట్టు ముళ్ల అంచుల పొలుసులు, ఆ పొలుసుల మధ్య ఇంకా బయటపడని పూరేకులు. ఇదే మొగ్గ పిడికిలి కంటే పెద్దదై, ముళ్లు తగ్గి, పొలుసుల అడుగున కండ పడితే ఎలా ఉంటుందో ఆర్టిచోక్ అలా ఉంటుంది. రెండూ పొద్దుతిరుగుడు కుటుంబంలోవే, ఆ కుటుంబంలో కూడా ముళ్ల మొక్కల శాఖ ఒకటుంటుంది, రెండూ ఆ శాఖలోవే. అంటే దూరపు చుట్టాలు కూడా కాదు, పాలివాళ్లే. లివర్ మాత్రల్లో తరచూ కనిపించే సిలిమరిన్ ఉంది చూశారా, అది వచ్చే మొక్క కూడా ఈ శాఖలోదే.

దీని సొంత ఊరు మధ్యధరా సముద్రం చుట్టుపక్కల దేశాలు. పేరు కూడా అరబ్బీ 'అల్ ఖర్షూఫ్' నుంచి స్పెయిన్, ఇటలీ భాషల మీదుగా వచ్చింది. ఇప్పటికీ ఇటలీ, ఈజిప్టు, స్పెయిన్ దేశాల్లోనే ఎక్కువ పండిస్తారు. వియత్నాంలో దలాత్ అనే కొండ ఊరికి ఫ్రెంచివాళ్లు తీసుకెళ్లి నాటితే, అక్కడివాళ్లు దాన్ని ఎండబెట్టి టీ కాచుకునే అలవాటు చేసుకున్నారు. జెరూసలేం ఆర్టిచోక్ అని ఇంకొకటి వినపడుతుంది, అది ఇదే పెద్ద కుటుంబంలో పొద్దుతిరుగుడుకు దగ్గరి చుట్టమైన వేరే మొక్క దుంప, పేరు చూసి దాన్నీ దీన్నీ ఒకటే అనుకోవద్దు.

అందరూ పప్పులో కాలేసేది తర్వాతి విషయంలోనే. వాళ్లు తినేది మొగ్గను. ఉడకబెట్టి, ఒక్కొక్క పొలుసు ఊడదీసి, అడుగున ఉన్న కండను పళ్లతో గీరుకుని తిని, చివరికి మధ్యలోని మెత్తని గుజ్జు తింటారు. మందుకు వాడేది మొగ్గ కాదు, మొక్క మొదట్లో వచ్చే పెద్ద పెద్ద ఆకులు. ఆ ఆకులను ఎవరూ తినరు, నోట పెట్టలేనంత చేదు. కొలెస్ట్రాల్ మీద, లివర్ మీద మనుషుల్లో చేసిన పరీక్షలు దాదాపు అన్నీ ఈ ఆకు సారంతో చేసినవే. ఆకు సారం మీద వచ్చిన ఫలితాన్ని తెచ్చి, డబ్బా మీద మొగ్గ బొమ్మ వేసి, "ఆర్టిచోక్ కూరగాయ తింటే ఇన్ని లాభాలు" అని రాస్తుంటారు. మునక్కాయ పులుసు తిని మునగాకు గుణాలన్నీ వచ్చాయని చెప్పుకున్నట్టే ఇది.

వంకాయ ముక్క చెప్పే కెమిస్ట్రీ

ఇందులో ఉన్న పదార్థాల పేర్లు వింటే భయమేస్తుంది గానీ, ముఖ్యమైనదొకటి మన వంటింట్లో రోజూ కనపడేదే.

మా అమ్మ వంకాయలు కోసేటప్పుడు పక్కన ఉప్పు నీళ్ల గిన్నె పెట్టుకునేది. కోసిన ముక్క కోసినట్టే నీళ్లలో పడాలి. ఈసారి ఒక ముక్కను నీళ్లలో వేయకుండా కత్తిపీట పక్కన వదిలేసి చూడండి. ముందు తెల్లగా, తడిగా మెరుస్తుంటుంది, కాసేపటికి గింజల చుట్టూ లేత గోధుమ రంగు గీత పడుతుంది, కూర పోపు అయ్యేలోపు ముక్క ముఖమంతా మట్టి రంగు తిరుగుతుంది. వంకాయలో క్లోరోజెనిక్ ఆమ్లం అనే పదార్థం ఉంటుంది. కోసినప్పుడు కణాలు చితికి, ఆ ఆమ్లం, దాని మీద పనిచేసే ఎంజైము, బయటి గాలి మూడూ కలవడంతో ఆ రంగు వస్తుంది. ఆర్టిచోక్ మొగ్గ కోసినా అచ్చం ఇదే జరుగుతుంది, ఇటలీ ఇళ్లలో ఉప్పు నీళ్లకు బదులు నిమ్మరసం పిండిన నీళ్లలో వేస్తారు, అంతే తేడా. పేరులో క్లోరో ఉంది కదా అని క్లోరిన్ అనుకోవద్దు, గ్రీకులో ఆకుపచ్చ అనే మాట నుంచి వచ్చింది. ఇదే ఆమ్లం కాఫీ గింజల్లో దండిగా ఉంటుంది, పొద్దుతిరుగుడు గింజల్లో ఉంటుంది, మునగాకులో ఉంటుంది.

దాని నిర్మాణం ఇట్లా ఊహించుకోండి. క్వినిక్ ఆమ్లం ఒక కాడి, కెఫియిక్ ఆమ్లం ఒక ఎద్దు. (కెఫియిక్ అంటే కాఫీలోని కెఫీన్ కాదు, అది వేరే పదార్థం.) కాడికి ఒక ఎద్దును కడితే క్లోరోజెనిక్ ఆమ్లం. రెండెద్దులు కడితే వచ్చే రకాల్లో ఒకటి సైనరిన్. ఆర్టిచోక్‌కు పేరు తెచ్చిన పదార్థం ఈ సైనరినే. 1954లో పనిజ్జీ, స్కార్పాటి అనే ఇటలీ శాస్త్రవేత్తలు దీని నిర్మాణాన్ని ప్రకటించారు. తమాషా ఏంటంటే పచ్చి ఆకులో సైనరిన్ చాలా తక్కువ. ఆకులో ఎద్దులు కాడికి వేరే చోట కట్టి ఉంటాయి, వేడి నీళ్లలో మరిగించి సారం తీసేటప్పుడు ఒక ఎద్దు జరిగి పక్క పలుపులోకి వస్తుంది, అప్పుడది సైనరిన్ అవుతుంది. అంటే ఏ పద్ధతిలో సారం తీశారన్న దాన్ని బట్టి డబ్బాలో ఉన్న సరుకే మారిపోతుంది. ఒక కంపెనీ మాత్ర మీద చేసిన పరీక్ష ఫలితాన్ని ఇంకో కంపెనీ మాత్రకు అంటగట్టలేమని అనేది ఇందుకే.

ఆర్టిచోక్ తిన్న తర్వాత మంచినీళ్లు తాగితే తియ్యగా అనిపిస్తాయి. 1972లో అమెరికా పరిశోధకులు దీన్ని పరీక్ష పెట్టి మరీ చూశారు, క్లోరోజెనిక్ ఆమ్లం, సైనరిన్ నాలుక మీద చేసే పనే అదని తేల్చారు. మనకు ఉసిరికాయ నమిలి నీళ్లు తాగినప్పుడు కలిగే అనుభవం లాంటిదే.

ఇవి కాక ఇంకో మూడున్నాయి. లుటియోలిన్ అనేది ఫ్లేవనాయిడ్ అనే, చాలా మొక్కల్లో కనపడే పదార్థాల జాతి. సైనరోపిక్రిన్ అనేది ఆకు చేదుకు అసలు కారణం, దీని గురించి వయ్యారిభామ దగ్గర మళ్లీ చెప్తా. మూడోది ఇనులిన్, ఇది పీచు పదార్థం, మొగ్గలో ఎక్కువ.

పైత్యరసం కథ

నాటుకోడిని కోసేటప్పుడు కార్జానికి అంటుకుని చిన్న ఆకుపచ్చ తిత్తి ఉంటుంది. అది పగిలితే కూరంతా చేదవుతుందని జాగ్రత్తగా తీసి పారేస్తాం. ఆ తిత్తే గాల్ బ్లాడర్, పిత్తాశయం. అందులో ఉండేది పైత్యరసం. మన ఒంట్లో లివర్ రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారుచేస్తుంది. కొంత ఈ తిత్తిలో నిలువ ఉండి చిక్కబడుతుంది, నూనె, కొవ్వు ఉన్న తిండి పేగులోకి రాగానే తిత్తి ముడుచుకుని సన్నని గొట్టం గుండా రసాన్ని పేగులోకి చిమ్ముతుంది. ఆ రసం లేకపోతే కొవ్వు అరగదు.

ఆర్టిచోక్ ఆకు సారం చేసే పనుల్లో మనుషుల్లో కళ్లారా చూసిన పని ఈ పైత్యరసాన్ని పెంచడం. 1994లో వచ్చిన ఒక చిన్న జర్మన్ పరీక్షలో 20 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకు పేగులోకి గొట్టం వేసి సారాన్ని పంపించి కొలిచారు. గంట తిరిగేసరికి పైత్యరసం ఊరడం రెట్టింపు దాటింది. జనం దీన్ని వందల ఏళ్లుగా అజీర్ణానికి వాడుతూ వచ్చారంటే దాని వెనక ఉన్న సంగతి ఇదే అయి ఉండవచ్చు. 2003లో 247 మంది మీద 6 వారాలు చేసిన మరో పరీక్షలో, తినగానే కడుపు నిండిపోయినట్టు, ఉబ్బరంగా ఉండే బాధ ఉత్తుత్తి మాత్ర (చూడ్డానికి అలాగే ఉండి మందు లేనిది) వేసుకున్నవాళ్ల కంటే ఆకు సారం వేసుకున్నవాళ్లలో ఎక్కువ తగ్గింది. ఐరోపా ఔషధ సంస్థ కూడా దీన్ని అజీర్ణం, ఉబ్బరం, గ్యాస్‌కు వాడే సంప్రదాయ మూలికగా ఒప్పుకుంది. సంప్రదాయ అనే మాటను గమనించాలి. కనీసం 30 ఏళ్లుగా వాడుకలో ఉండి, పెద్దగా హాని కనపడని మూలికలకు ఇచ్చే గుర్తింపు అది, మందు పనిచేస్తుందని పెద్ద పరీక్షలతో రుజువైందని ఇచ్చే సర్టిఫికెట్ కాదు.

కొలెస్ట్రాల్ సంగతికి వస్తే, రెండు దారుల్లో పనిచేస్తుందని అనుకుంటున్నారు. లివర్ పైత్యరసంలోని ఆమ్లాలను కొలెస్ట్రాల్ నుంచే తయారుచేస్తుంది, రసం ఎక్కువ బయటికి పోతే కొలెస్ట్రాల్ ఎక్కువ ఖర్చవుతుంది, ఇది ఒక దారి. లివర్ కణాలు కొత్తగా కొలెస్ట్రాల్ తయారుచేసుకునే పనిని లుటియోలిన్ కొంత నెమ్మదింపజేస్తుందని ఎలుకల లివర్ కణాల మీద చూశారు, ఇది రెండోది. కొలెస్ట్రాల్‌కు డాక్టర్లు రాసే స్టాటిన్ మాత్రలు కూడా ఆ తయారీ మీదనే దెబ్బ కొడతాయి, కాకపోతే సూటిగా, గట్టిగా.

మరి మనుషుల్లో ఎంత తగ్గింది? 2000లో వచ్చిన జర్మన్ పరీక్షలో 143 మందికి రోజుకు 1800 మిల్లీగ్రాముల చొప్పున 6 వారాలు ఇస్తే మొత్తం కొలెస్ట్రాల్ 18.5 శాతం తగ్గింది. వినడానికి గొప్పగా ఉంది, అమ్మేవాళ్లందరూ ఈ అంకెనే చెప్తారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో కూడా 8.6 శాతం తగ్గిందన్న సంగతి మాత్రం చెప్పరు. పరీక్షలో ఉన్నామని తెలిశాక మనిషి తిండి దగ్గర కొంచెం జాగ్రత్త పడతాడు, కొంత దానంతటదే తగ్గుతుంది, కాబట్టి మాత్ర వాటా అంటే ఈ రెంటి మధ్య ఉన్న తేడానే. 2008లో ఇంగ్లండులో 75 మంది మీద 12 వారాలు చేసినదాంట్లో తగ్గింది 4.2 శాతమే. 2018లో 9 పరీక్షలను, 702 మందిని కలిపి లెక్కగడితే డెసిలీటరు రక్తానికి మొత్తం కొలెస్ట్రాల్ సగటున 17.6, చెడు కొలెస్ట్రాల్ 14.9 మిల్లీగ్రాములు తగ్గినట్టు తేలింది, మంచి కొలెస్ట్రాల్‌లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. అంటే చెడు కొలెస్ట్రాల్ 160 ఉన్నవాళ్లకు 145 దగ్గరికి వస్తుందన్నమాట. మామూలు డోసు స్టాటిన్ అదే 160ని 110కో, ఇంకా కిందికో తెస్తుంది. 2013లో, వైద్య పరీక్షలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ నాణ్యమైన పరీక్షలు ఏవా అని ఏరితే మూడే మిగిలాయి, అన్నీ కలిపి 262 మంది. కొంత ప్రయోజనం ఉన్నట్టుంది గానీ సిఫారసు చేసేంత బలమైన రుజువు లేదని రాశారు.

నా అభిప్రాయం సూటిగా చెప్తా: ఇది ఉత్త నీళ్ల మందు కాదు, పని చేస్తుంది, కొంచెం చేస్తుంది. గుండెలో స్టెంట్ వేసి డాక్టర్ స్టాటిన్ రాసిచ్చిన మనిషి దాన్ని మానేసి ఇది వేసుకుంటే మాత్రం నిప్పుతో చెలగాటమే. ఆ పని చేసినవాళ్లను నేను చూశాను, అందుకే గట్టిగా చెప్తున్నా.

ఫ్యాటీ లివర్‌కు? 2018లో ఇరాన్‌లో 100 మందితో మొదలుపెట్టిన పరీక్ష ఒకటుంది. రోజుకు 600 మిల్లీగ్రాముల చొప్పున రెండు నెలలు ఇస్తే, లివర్ దెబ్బతిన్నప్పుడు రక్తంలో పెరిగే లివర్ ఎంజైములు తగ్గాయి. ఆశ పుట్టించే ఫలితమే గానీ చిన్న పరీక్ష, రెండు నెలలది. దానికి ఎదురుగా పెట్టి చూడాల్సింది బరువు తగ్గడాన్ని. ఒంటి బరువులో 5 శాతం తగ్గితే లివర్‌లో కొవ్వు తగ్గడం మొదలవుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే లివర్ వాపు కూడా తగ్గుతుందని చాలా పరీక్షల్లో తేలింది. మా మామ 82 కిలోలు. లెక్క వేస్తే 4 కిలోల దగ్గర మొదలవుతుంది, 6 నుంచి 8 కిలోల దగ్గర గట్టి ఫలితం వస్తుంది. రెండు పూటలా పళ్లెం నిండా అన్నం, సాయంత్రం ముంతెడు కల్లు అలాగే నడుస్తుంటే పైన వేసే రెండు మాత్రలు దేనికి సరిపోతాయి?

గాజు పళ్లెంలో ఒకటి, ఒంట్లో ఇంకొకటి

యాంటీ ఆక్సిడెంట్ అనే మాట డబ్బా మీద పెద్దక్షరాలతో ఉంది. ఆర్టిచోక్‌లో అవి బాగానే ఉంటాయి, కూరగాయల జాబితాలో పై వరుసలో ఉండేది. ఆ జాబితా ఓరాక్ అనే కొలతతో తయారైంది, గాజు గొట్టంలో పోసి చూసే కొలత. అమెరికా వ్యవసాయ శాఖ ఈ జాబితాను తన వెబ్‌సైట్‌లో పెట్టి, 2012లో తనే తీసేసింది. గొట్టంలో వచ్చిన అంకెకూ మనిషి ఆరోగ్యానికీ లంకె లేదు, వ్యాపారులు మాత్రం దాన్ని తెగ వాడుకుంటున్నారని కారణం కూడా చెప్పింది.

ఎందుకు లంకె లేదంటే, నోట్లో వేసుకున్నదంతా రక్తంలోకి పోదు. క్లోరోజెనిక్ ఆమ్లం మీద 2001లో నెదర్లాండ్స్‌లో ఒక తెలివైన పరీక్ష చేశారు. ఆపరేషన్‌లో పెద్దపేగు తీసేసిన మనుషులకు ఇచ్చి, చిన్నపేగు దాటి బయటికి ఎంత వచ్చిందో కొలిచారు. మూడో వంతే ఒంటికి పట్టింది. మామూలు మనుషుల్లో మిగతా రెండు వంతులు పెద్దపేగులోకి పోతాయి, అక్కడి బ్యాక్టీరియా వాటిని విరగ్గొట్టి వేరే చిన్న చిన్న ఆమ్లాలుగా మారుస్తాయి. 2005లో ఆకు సారం తాగించి రక్తం పరీక్షిస్తే, సారంలో ఉన్న రూపంలో ఒక్కటీ దొరకలేదు, సైనరిన్ కూడా దొరకలేదు. దొరికినవన్నీ విరిగిన ముక్కలు, లివర్ తన ముద్ర వేసి మార్చిన రూపాలు. ఎద్దులు, కాడి వేరై పోయి, ఎద్దులు ఒక్కొక్కటీ రంగు మార్చుకుని వచ్చాయన్నమాట. కాబట్టి లివర్ కణాల మీద నేరుగా సైనరిన్ పోసి చూసిన పరీక్షను "ఇది లివర్‌ను కాపాడుతుంది" అని చెప్పడానికి వాడుకుంటే లెక్క తప్పుతుంది. పనిచేసేది ఆ ముక్కలే కావచ్చు, లేదా రక్తంలోకి పోకుండా పేగులోనే జరిగే పని కావచ్చు.

పేగు అనగానే ఇనులిన్. దీన్ని మనం అరిగించుకోలేం, పెద్దపేగులో మంచి బ్యాక్టీరియాకు మేత అవుతుంది. ఆర్టిచోక్ నుంచి తీసిన ఇనులిన్ రోజుకు 10 గ్రాములు మూడు వారాలు ఇస్తే బైఫిడో అనే మంచి రకం బ్యాక్టీరియా పెరిగాయని పరీక్ష ఉంది. అదే జాతి పీచు మన ఉల్లిగడ్డలో, ఎల్లిగడ్డలో ఉంది. మాత్రలో మాత్రం ఇది చెప్పుకోదగినంత ఉండదు, ఇనులిన్ కావాలంటే మొగ్గనే తినాలి, 100 గ్రాముల పచ్చి మొగ్గలో మొత్తం పీచు 5 గ్రాముల పైచిలుకు. మన జొన్నలు 100 గ్రాములు తీసుకుంటే అందులో 10 గ్రాముల దాకా పీచు ఉందని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు చెప్తాయి. జొన్నలు ఎండువి, మొగ్గ నీళ్లున్నది, కాబట్టి ఇదేం సరిసమానమైన పోటీ కాదు, అయినా రెండు జొన్నరొట్టెలు తినేవాడు పీచు కోసం సముద్రాలు దాటి చూడనక్కర్లేదని చెప్పడానికి రాశా.

ఎవరు ముట్టకూడదు

చెట్టు మందే కదా, పని చేయకపోతే పోయె, హాని మాత్రం చేయదు అనే మాట మా మామ కూడా అన్నాడు. నల్లగొండ జిల్లాలో పుట్టిన మనం ఈ మాట అనకూడదు. మర్రిగూడ, నాంపల్లి మండలాల్లో వంగిపోయిన నడుములు మనం చూశాం. ఫ్లోరైడ్ కూడా భూమి నుంచి సహజంగా వచ్చిందే, కొద్దిగా ఉంటే పళ్లకు మేలే, లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాములు దాటి ఏళ్ల తరబడి తాగితే ఎముకలనే మార్చేసింది. సహజమా కాదా అన్నది ఒంటికి తెలియదు, ఏ పదార్థం, ఎంత, ఎన్ని రోజులు అన్నదే తెలుసు. కరోనా రోజుల్లో తిప్పతీగ కషాయం తాగినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసులను మన దేశపు డాక్టర్లే పత్రికల్లో ప్రచురించారు. ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదు, ఆ వాదన అలాగే ఉంది, అయినా లివర్ రోగి ఏ ఆకు మందు వేసుకున్నా డాక్టర్‌కు చెప్పి తీరాలనడంలో ఇద్దరికీ తేడా ఉండక్కర్లేదు.

ఇప్పుడు ఆ రెండో లైను. తిత్తిలో రాయి ఉంది. రాయి కదలకుండా ఉన్నంత కాలం చాలామందికి ఏ బాధా ఉండదు, డాక్టర్లు కూడా తరచూ దాన్ని ముట్టకుండా వదిలేస్తారు. అది జరిగి గొట్టం మూతి దగ్గర ఇరుక్కుంటే కుడి డొక్కలో కత్తితో పొడిచినట్టు నొప్పి వస్తుంది. ఇంకా కిందికి జారి పెద్ద గొట్టానికి అడ్డం పడితే పైత్యరసం వెనక్కి తన్ని కామెర్లు వస్తాయి, క్లోమం కూడా వాయవచ్చు, అది ప్రాణాల మీదికి వచ్చే సంగతి. గొట్టం మూతికి రాయి పొంచి ఉన్నచోట పైత్యరసం ప్రవాహాన్ని పెంచే మందు వేయడం ఎలాంటిదో ఆలోచించండి. ఐరోపా ఔషధ సంస్థ ఇదే ఆర్టిచోక్ ఆకు గురించి రాసిన పత్రంలో, గాల్ బ్లాడర్‌లో రాళ్లున్నవాళ్లు, పైత్యరసం గొట్టం మూసుకుపోయినవాళ్లు, ఆ గొట్టాలకు వాపున్నవాళ్లు, హెపటైటిస్ (లివర్ వాపు జబ్బు) ఉన్నవాళ్లు వాడకూడదని స్పష్టంగా పెట్టింది. లివర్‌కు మంచిదని అమ్మే మందును హెపటైటిస్ ఉన్నవాళ్లు వాడకూడదట, ఈ ముక్క డబ్బా మీద పెద్దక్షరాలతో ఉండాల్సింది. మామ డబ్బాను నేను రెండు వైపులా పెద్దది చేసి చూశాను, ఎక్కడా లేదు.

రెండో గుంపు వయ్యారిభామ పడనివాళ్లు. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు, పొలం గట్ల మీద, రోడ్ల పక్కన తెల్లని చిన్న పూలతో పెరుగుతుంది. కలుపు తీసిన తర్వాత చేతులు, మెడ, కనురెప్పలు దద్దుర్లతో మండిపోయే రైతులు మన దగ్గర చాలామందే ఉన్నారు. ఆ దద్దుర్లకు కారణమైన పదార్థం, ఆర్టిచోక్‌లో చేదుకు కారణమైన సైనరోపిక్రిన్, రెండూ ఒకే రసాయన జాతి. మొక్కలు కూడా ఒకే కుటుంబం. వయ్యారిభామ, చేమంతి, బంతి పడని ఒళ్లు ఆర్టిచోక్‌ను కూడా పడనివ్వకపోవచ్చు. ఈ సంగతి ఊళ్లలో ఎవరికీ తెలియదు, మాత్ర వేసుకున్న తర్వాత దురద మొదలైతే ఎండ అనో, వంకాయ అనో అనుకుంటారు.

గర్భిణులకు, బిడ్డకు పాలిచ్చే తల్లులకు భద్రమని చెప్పేంత సమాచారం లేదు, కాబట్టి వద్దు. మిగతావాళ్లలో కనపడే ఇబ్బందులు చిన్నవే: కొందరికి విరేచనాలు, కడుపులో మెలిపెట్టడం, వికారం, గుండెల్లో మంట.

ఇదంతా చదివి ఆర్టిచోక్ మీద నాకు కోపం ఉందనుకోవద్దు. హైదరాబాద్‌లో పెద్ద దుకాణాల్లో గాజు సీసాలో నూనెలో వేసినవి దొరుకుతాయి, ఎప్పుడన్నా కొని తినండి, మంచి కూరగాయ. గాల్ బ్లాడర్ బాగుండి, తిన్నాక ఉబ్బరంతో బాధపడే మనిషి డాక్టర్‌కు చెప్పి కొన్నాళ్లు ఆకు సారం వాడి చూస్తానంటే నేను అడ్డు చెప్పను. అల్ట్రాసౌండ్ చేయించుకోకుండా, చేయించుకున్నా పూర్తిగా చదవకుండా మొదలుపెట్టడమే నాకు నచ్చనిది. స్కానింగ్ రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది, మందుల షాపులో ఉన్న పిల్లగాడిని అడిగినా చదివి పెడతాడు. అందులో 'క్యాలిక్యులస్' (అంటే రాయి) అనో 'క్యాలిక్యులై' (రాళ్లు) అనో మాట గాల్ బ్లాడర్ పక్కన కనపడితే ఈ డబ్బా మూత తీయకండి.

మామ మాత్రలు ఆపేశాడు. అప్పటికి తొమ్మిది వేసుకున్నాడు, ఏమీ కాలేదు. తర్వాత నల్లగొండలో సర్జన్‌కు చూపిస్తే, నొప్పి లేదు కాబట్టి ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదు, ఆరు నెలలకోసారి స్కానింగ్ చేయించుకో, నొప్పి గానీ కళ్లు పచ్చబడటం గానీ కనపడితే అదే రోజు రా అన్నారట. మా అత్తమ్మ రాత్రిపూట అన్నం బంద్ చేసి జొన్నరొట్టె, వంకాయ కూర పెడుతోంది. కల్లు మాత్రం వారానికి రెండు సార్లకు వచ్చింది, ఇంకా పూర్తిగా మానలేదు. మొన్న ఫోన్‌లో 79 కిలోలు అన్నాడు.